మన మిల్లులు, మగ్గాలు, గనుల మీద పీహెచ్‌డీ: బిజినెస్ హిస్టరీనా, ఎకనామిక్ హిస్టరీనా, లేబర్ హిస్టరీనా?

కర్నూలు, అనంతపురం, కడపల్లో పీజీ పూర్తిచేసిన పిల్లలు ఈ మధ్య తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మా ఊరి పరిశ్రమ మీద రీసెర్చ్ చేయాలనుంది. హిస్టరీలో చేరాలా, ఎకనామిక్స్‌లోనా, కామర్స్‌లోనా?" ఈ ఆలోచన రావడమే నాకు చాలా సంతోషం. ఆదోని పత్తి, ఎమ్మిగనూరు మగ్గం, ప్రొద్దుటూరు బంగారం, బేతంచెర్ల నాపరాయి, తాడిపత్రి నూనె మిల్లు, మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్)... వీటిలో ఒక్కోదాని మీద జీవితకాలం పనిచేసినా తరగని సరుకుంది. సీమ అంటే కరువు, ఫ్యాక్షన్ తప్ప ఇంకేం లేదన్నట్టు రాసిన రాతలు చదివీ చదివీ విసుగెత్తినవాళ్లకు ఈ పని ఎంత అవసరమో తెలుసు.

కానీ చేరేముందు తేల్చుకోవలసినవి ఉన్నాయి. బయటికి అన్నీ ఒకటిగా కనిపించే ఈ చదువులో నిజానికి వేర్వేరు సంప్రదాయాలున్నాయి: సంస్థను చూసే బిజినెస్ హిస్టరీ, ధరలూ పంటలూ చూసే ఆర్థిక చరిత్ర, పనిచేసేవాడిని చూసే కార్మిక చరిత్ర. ఒక్కోటి ఒక్కో రకం కాగితం అడుగుతుంది, ఒక్కో రకం మనిషికి నప్పుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిపార్ట్‌మెంట్ పేరు చూసి కాదు, మీకు నిజంగా ఏ రికార్డులు అందుతాయో చూసి దారి ఎంచుకోండి. ఆ లెక్కన మన ప్రాంతం నుంచి వెళ్లేవారిలో ఎక్కువమందికి ఒక కంపెనీ చరిత్ర కంటే ఒక పరిశ్రమ చరిత్ర, దాంతోపాటు ఆ పరిశ్రమ ఉన్న ఊరి చరిత్ర మేలు. ఎందుకో వివరంగా చెప్తాను.

ఈ చదువు ఎలా చీలిందంటే

బిజినెస్ హిస్టరీ పుట్టిన సంవత్సరం చెప్పమంటే 1927 అనవచ్చు. ఆ ఏడాది హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ఈ సబ్జెక్టుకంటూ ప్రత్యేకంగా ప్రొఫెసర్ పదవి పెట్టి ఎన్.ఎస్.బి. గ్రాస్‌ను నియమించారు. వ్యాపారాన్ని లోపలి నుంచి చూడాలి, కంపెనీ పుస్తకాలు తెరవాలి, ఏ నిర్ణయం ఎవరు ఎందుకు తీసుకున్నారో చెప్పాలి అన్నది గ్రాస్ పట్టుదల. అదే హార్వర్డ్‌లో ఆర్థిక చరిత్ర చెప్పే ఎడ్విన్ గేకు ఇది నచ్చలేదు. ఒక్కో సంస్థ కథ విడిగా చెప్పుకుంటూ పోతే చాలదు, దాన్ని మొత్తం ఆర్థిక వ్యవస్థతో ముడిపెట్టాలి అన్నాడాయన. ఇద్దరూ కలిసి 1928లో మొదలుపెట్టిన పత్రిక 1932లో ఆగిపోయింది. మీరు ఈ రోజు ఎదుర్కొంటున్న ప్రశ్న దాదాపు వంద ఏళ్ల కిందటి ఆ తగాదాయే.

తర్వాత వచ్చిన పెద్ద పేరు ఆల్ఫ్రెడ్ చాండ్లర్. రైల్వేలు, డ్యూపాంట్, జనరల్ మోటార్స్ లాంటి భారీ సంస్థల్ని పోల్చి చూసి, అమెరికా పరిశ్రమను నడిపింది జీతానికి పనిచేసే మేనేజర్ల వ్యవస్థ అని 1962 నుంచి 1990 దాకా రాసిన పుస్తకాల్లో వాదించాడు. 1977 నాటి పుస్తకానికి పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. ఆయన వల్ల బిజినెస్ హిస్టరీ కంపెనీల పొగడ్త పుస్తకాల స్థాయి దాటి సిద్ధాంతం ఉన్న చదువు అయింది. ఆయన్ను చదవకుండా ఈ రంగంలోకి రాకండి. అయితే చదివాక ఆయన చూపుతోనే ఆదోనిని చూడబోతే ఏమీ కనబడదు. మనకు జనరల్ మోటార్స్ లేదు. మనకున్నవి పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులు, పాలిష్ ఫ్యాక్టరీలు, కూలి మగ్గాలు, కమీషన్ దుకాణాలు.

అందుకే చాండ్లర్‌ను ప్రశ్నించినవాళ్లు మనకు ఎక్కువ దగ్గరివాళ్లు. చార్లెస్ సేబెల్, జోనాథన్ జైట్లిన్ 1985లో ఒక వ్యాసం రాశారు. పెద్ద ఫ్యాక్టరీలో ఒకే రకం సరుకు గుట్టలుగా చేయడమొక్కటే అభివృద్ధికి దారి కాదని, చిన్న చిన్న వర్క్‌షాపులు ఒకచోట చేరి, నైపుణ్యంతో రకరకాల సరుకు చేసే పద్ధతి కూడా పారిశ్రామిక చరిత్రలో బలంగా ఉందని చూపించారు. ఫిలిప్ స్క్రాంటన్ అమెరికాలోనే అలాంటి పరిశ్రమల మీద పనిచేశాడు. ధర్మవరం పట్టుచీరల వీధిలో నడిచినవాడికి ఈ వాదన వెంటనే అర్థమవుతుంది.

బ్రిటన్‌లో దారి కొంచెం వేరు. అక్కడ ఆర్థిక చరిత్రకారుల సంఘం 1926లోనే ఏర్పడింది. బిజినెస్ హిస్టరీకి ప్రత్యేక పత్రిక 1958లో లివర్‌పూల్ నుంచి వచ్చింది. 1963లో ఇ.పి. థామ్సన్ ఇంగ్లండ్ కార్మికవర్గం మీద రాసిన పుస్తకం కార్మిక చరిత్రను పూర్తిగా మార్చేసింది. మూతపడ్డ గనులు, కొలుములు, కాలువ లాకులు, పాత యంత్రాల మీద పనిచేసే పారిశ్రామిక పురాతత్వం కూడా 1950ల నుంచి అక్కడే ఊపందుకుంది.

మన దేశంలో మొదలైంది ఆర్థిక చరిత్రగా. దాదాభాయ్ నౌరోజీ, ఆర్.సి. దత్ వేసిన ప్రశ్న ఒక్కటే: బ్రిటిష్ పాలనలో మన చేతిపనులు ఏమయ్యాయి? డి.ఆర్. గాడ్గిల్ 1924లో భారత పారిశ్రామిక పరిణామం మీద పుస్తకం తెచ్చాడు. 1963లో మోరిస్ డి. మోరిస్ అనే అమెరికన్ పండితుడు చేతిపనులు నాశనమయ్యాయన్న మాటనే ప్రశ్నించడంతో పెద్ద చర్చ రేగింది. అమియ బాగ్చీ 1972లో ప్రైవేటు పెట్టుబడి మీద, తర్వాత తీర్థంకర్ రాయ్ చేతివృత్తుల మీద రాశారు. ఇద్దరి అభిప్రాయాలకూ చాలా దూరం. చేనేత మీద పనిచేయాలనుకుంటే ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టుకుని చదవాల్సిందే. అచ్చంగా బిజినెస్ హిస్టరీ అన్న పేరుతో పని సాగింది ఐఐఎం అహ్మదాబాద్‌లో. ద్విజేంద్ర త్రిపాఠి అక్కడ ఆ పేరుతోనే ఉన్న ప్రొఫెసర్ పీఠంలో ఏళ్ల తరబడి పనిచేశారు. కార్మిక చరిత్రలో బొంబాయి మిల్లు కార్మికుల మీద రాజ్‌నారాయణ్ చందావర్కర్ 1994లో తెచ్చిన పుస్తకం ఇప్పటికీ కొలమానం.

ఈ పేర్లన్నీ పరీక్ష కోసం కాదు. ఏ గూటి పక్షి ఏదో తెలియకపోతే సినాప్సిస్‌లో (పరిశోధన ప్రతిపాదనలో) చాండ్లర్‌నూ థామ్సన్‌నూ ఒకే పేరాలో కలిపేసి ఇంటర్వ్యూలో ఇబ్బందిపడతారు.

ఒకే కాలువ, మూడు థీసిస్‌లు

తేడా సిద్ధాంతంగా చెబితే పట్టుబడదు. కేసీ కెనాల్‌ను, అంటే కర్నూలు-కడప కాలువను తీసుకుందాం.

సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా నీళ్లు తీసుకెళ్లే ఈ కాలువను మొదట తవ్వించింది ప్రభుత్వం కాదు. లండన్‌లో షేర్లు అమ్మి డబ్బు పోగుచేసిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ 1860ల్లో తవ్వించింది. ప్రోత్సహించినవాడు మన ఆర్థర్ కాటనే. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఉంది. నీళ్లతోపాటు పడవలు నడిపి రవాణా మీద కూడా సంపాదించాలన్నది ఆలోచన. ఖర్చు అంచనాలు దాటిపోయింది, ఆయకట్టు అనుకున్నంత పెరగలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీ నుంచి కాలువను కొనేసింది.

బిజినెస్ హిస్టరీ చేసేవాడు ఇక్కడ కంపెనీని పట్టుకుంటాడు. లాభమొచ్చినా రాకపోయినా 5 శాతం చేతికందుతుంటే ఖర్చు తగ్గించాలన్న ఆరాటం డైరెక్టర్లకు ఎందుకుంటుంది? లండన్ బోర్డుకూ, కర్నూలులో ఎండలో నిలబడ్డ ఇంజనీరుకూ మధ్య ఉత్తరాలు ఎలా నడిచాయి? అప్పట్లో రైల్వే కంపెనీలకూ ఇదే రకం హామీ ఉంది. రెండింటినీ పోలిస్తే ఏం తేలుతుంది? మంచి ప్రశ్నలే. కానీ ఆ కాగితాల్లో పెద్ద భాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉంటుంది. ఫెలోషిప్ లేకుండా అక్కడికి వెళ్లడం ఎంతమందికి వీలవుతుంది?

ఆర్థిక చరిత్ర చేసేవాడు రైతు దగ్గరికి, లెక్కల దగ్గరికి వెళ్తాడు. నీళ్లు కాలువలో ఉన్నా రైతు ఎందుకు తీసుకోలేదు? నల్లరేగడిలో జొన్న, పత్తి వేసేవాడికి మంచి సంవత్సరంలో వాన తేమే సరిపోతుంది. దానికి తోడు నీటి తీరువా కట్టాలి, పొలం చదును చేసుకోవాలి, పంట మార్చాలి. కంపెనీవాళ్లు గోదావరి డెల్టా లెక్కను ఇక్కడికి తెచ్చి వేశారు. నేల వేరు, పంట వేరు అని లెక్కలోకి తీసుకోలేదు. మరి అదే కేసీ ఆయకట్టు రైతు ఈ రోజు నీళ్ల కోసం రోడ్డెక్కుతున్నాడంటే మధ్యలో ఎప్పుడు, ఏ పంట వల్ల, ఏ ధర వల్ల మార్పు వచ్చింది? ఇది అచ్చమైన ఆర్థిక చరిత్ర ప్రశ్న. జమాబందీ (ఏటేటా భూమి శిస్తు లెక్కల) నివేదికలు, ధరల పట్టికలు, పంట విస్తీర్ణాలు కావాలి. అవి చాలావరకు చెన్నైలో దొరుకుతాయి.

కార్మిక చరిత్ర చేసేవాడు గడ్డపార పట్టినవాడి వెంట నడుస్తాడు. మట్టి తవ్విన వడ్డెర కుటుంబాలు ఎక్కడి నుంచి వచ్చాయి? కూలి రోజువారీగానా, తవ్విన కొలతను బట్టా? మేస్త్రీ అడ్వాన్సు ఎంత పట్టుకునేవాడు? ఆ తర్వాత 1876-78 కరువులో ఇదే ప్రాంతంలో పనులకోసం వచ్చినవాళ్లకు ఏ రేటు కట్టారు? ఈ మూడో దారిలో రికార్డు పలచగా ఉంటుంది. అధికారి రాసిన ఫిర్యాదులో, ఇంజనీరు విసుక్కున్న వాక్యంలో కూలివాడు కనిపించీ కనిపించనట్టు ఉంటాడు. ఓపిక ఉన్నవాడికే ఇది.

మూడింటిలో నాకు నచ్చింది రెండోది. మన నేల గురించి మనం వేసుకోవలసిన ప్రశ్న అదేననిపిస్తుంది. మీకు మూడోది పట్టుకుంటే మాత్రం వదలకండి. సీమలో ఆ పని చేసినవాళ్లు బాగా తక్కువ.

కాగితం ఎక్కడుందో ముందు చూడండి

జిల్లా పేరు చూసి రికార్డు వెతికితే సగం సమయం వృథా అవుతుంది. మూడు జిల్లాల పాలనా చరిత్రలు వేర్వేరు. కడప, బళ్లారి ప్రాంతాలు 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమయ్యాయి. థామస్ మన్రో కాలం నుంచే, అంటే 1800-1807 నుంచే వాటికి రెవెన్యూ రికార్డు దండిగా ఉంది. కర్నూలు అలా కాదు. 1839 దాకా నవాబు చేతిలో ఉంది కాబట్టి ఇంగ్లీషు రికార్డు ఆలస్యంగా చిక్కబడుతుంది. అనంతపురం జిల్లా 1882లో గానీ ఏర్పడలేదు. అంతకుముందు సంగతులన్నీ బళ్లారి ఫైళ్లలో ఉంటాయి. ఆదోని, ఆలూరు 1953 దాకా బళ్లారి జిల్లావే. ఆదోని పత్తి మీద పనిచేస్తూ కర్నూలు వాల్యూములు తిరగేస్తే ఏం దొరుకుతుంది?

వీటికి ముఖ్యమైన చోటు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్. మద్రాస్ ప్రెసిడెన్సీ బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ అక్కడున్నాయి. కడప, తాడిపత్రి, గుంతకల్లు మీదుగా చెన్నైకి నేరుగా రైలుంది. కర్నూలువాళ్లకు మాత్రం హైదరాబాద్ దగ్గర. నవాబుల కాలం, నిజాం సంబంధాలు చూసేవాళ్లు అక్కడి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టుకోవచ్చు, కానీ ఉర్దూ, ఫార్సీ రాకపోతే అక్కడ చాలా భాగం మూసిన తలుపే.

చెన్నై వెళ్లేముందు ఇంటి దగ్గరే అయిపోయే పని చాలా ఉంది. జిల్లాల వివరాలతో అప్పటి ప్రభుత్వం తెచ్చిన పుస్తకాలు, అంటే 1875 నాటి కడప మాన్యువల్, 1886 నాటి కర్నూలు మాన్యువల్, 1905లో వచ్చిన అనంతపురం గెజిటీర్ నెట్‌లో దొరుకుతాయి. 1916-18 నాటి ఇండస్ట్రియల్ కమిషన్ సాక్ష్యాలు, 1929-30 నాటి మద్రాస్ బ్యాంకింగ్ విచారణ కమిటీ సాక్ష్యాలు తప్పక చదవండి. ఈ రెండో దానిలో పత్తికి, వేరుశనగకు అప్పు ఎలా పుట్టేది, వడ్డీ ఎలా కోసేవారు అన్నది వ్యాపారులు, అధికారులు తమ నోటితో చెప్పారు. కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయాన్ని మరిచిపోవద్దు. మెకంజీ కైఫీయతుల్లో, అంటే కల్నల్ మెకంజీ రాయించి పోగుచేసిన ఊళ్ల వృత్తాంతాల్లో పేటలు, సంతలు, మగ్గరి పన్ను, ఉప్పు, ఇనుము కాచే కొలుముల ప్రస్తావనలు అక్కడక్కడా దొరుకుతాయి. వాటిని సాహిత్యంగానో, స్థలపురాణంగానో చదవడం మనకు అలవాటైంది. పరిశ్రమ కోసం చదివితే వేరే పుస్తకంలా ఉంటాయి.

ఇక ప్రైవేటు రికార్డు. టాటాలకు పుణెలో ఆర్కైవ్స్ ఉంది, రిజర్వ్ బ్యాంకుకూ అక్కడే ఉంది. అవి వాళ్లు కావాలని దాచుకున్న కాగితాలు. మన మిల్లు యజమానుల్లో అలా దాచినవాళ్లు అరుదు. భాగస్వామ్యం విడిపోయినప్పుడు కొన్ని పోయాయి, ఆదాయపు పన్ను గడువు దాటాక కొన్ని తూకానికి వెళ్లాయి, మిగిలినవి గోడౌన్‌లో చెదలు తిన్నాయి. బిజినెస్ హిస్టరీ దారి మనకు కష్టమవడానికి అసలు కారణం ఇదే.

అయినా దొరికితే ఎంత విలువో చూడండి. ఆదోని మార్కెట్‌లో పాతకాలపు కమీషన్ దుకాణం ఆవర్జా (ఖాతా పుస్తకం) ఒకటి చేతికొచ్చిందనుకోండి. రైతుకొక పేజీ. ఒకవైపు జమ, ఒకవైపు ఖర్చు. విత్తనాల వేళ ఇచ్చిన అప్పు, మధ్యలో ఇంట్లో పెళ్లికో జబ్బుకో తీసుకున్నది, పత్తి దిగాక తూకం, ఆ రోజు ధర, అందులోంచి కోసిన హమాలీ, తరుగు, కమీషన్, గుడికో సత్రానికో వెళ్లే ధర్మాదాయం, చివర్లో వచ్చే ఏటికి మోసుకెళ్లిన బాకీ. ఒక్క పేజీలో ఒక కుటుంబం పదేళ్ల బతుకు, ఒక మార్కెట్ నడిచిన తీరు రెండూ ఉంటాయి. ఏ గెజిటీర్ ఇది చెప్పలేదు. అయితే చదవడానికి కొంత సాధన కావాలి. రాత గొలుసుకట్టుగా ఉంటుంది. తేదీలు తెలుగు సంవత్సరం పేరుతో, మాసం, తిథులతో ఉండవచ్చు. రుధిరోద్గారి అని ఉంటే అది 1923-24నా, 1983-84నా? కాగితం, సిరా, పక్క పేజీలోని ధర చూసి తేల్చాలి. ఇంట్లో పాత లెక్కలు రాసిన తాతయ్య ఎవరైనా ఉంటే ముందు ఆయన దగ్గర ఒక నెల కూర్చోండి.

ఇలాంటి పుస్తకాలు మీ కుటుంబంలోనో, బాగా తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉంటే బిజినెస్ హిస్టరీకి ధైర్యంగా వెళ్లండి. అలా వెళ్లేముందు యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అన్ని సంవత్సరాల పుస్తకాలూ చూడనిస్తారా, ఫోటోలు తీసుకోనిస్తారా, రాసింది అచ్చుకు ముందు వాళ్లకు చూపించి ఒప్పించాలా అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. మూడోదానికి అవును అంటే ఆ టాపిక్ వదిలేయండి. నాకు తెలిసిన ఒక రీసెర్చ్ స్కాలర్‌కు రెండో ఏడాది మధ్యలో మిల్లువాళ్లు మనసు మార్చుకుని బీరువాకు తాళం వేశారు. పాపం, టాపిక్ మార్చుకోవడానికి పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఏ డిపార్ట్‌మెంట్

అంకెలంటే ఇష్టం, ఎక్సెల్ తెరిస్తే లేవబుద్ధి కాదు అనేవాళ్లు ఎకనామిక్స్‌లో చేరండి. ధరలు, కూలిరేట్లు, పంట విస్తీర్ణం మీద అరవై డెబ్బై ఏళ్ల వరుస కడితే అదే పెద్ద పని. ఒక హెచ్చరిక: చాలాచోట్ల గైడ్‌లు 1991 తర్వాతి డేటాతో సర్వే చేయమంటారు. చరిత్ర చేయనిస్తారా అని చేరకముందే అడగండి.

కామర్స్, మేనేజ్‌మెంట్‌లో కంపెనీ దగ్గరికి పరిచయంతో వెళ్లే సౌకర్యం ఉంటుంది, బ్యాలెన్స్ షీట్ చదవడం వస్తుంది. రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ కాగితాలు ఎలా చదవాలో తెలిసేదీ అక్కడే. కానీ మన యూనివర్సిటీల్లో ఈ డిపార్ట్‌మెంట్ల అలవాటు ప్రశ్నావళి, ఐదు పాయింట్ల స్కేలు, శాతాల పట్టిక. వందేళ్ల కథకు అది సరిపోదు. ఐఐఎం లాంటి చోట్ల పరిస్థితి వేరు. అక్కడ సీటు వచ్చే సత్తా ఉంటే ఆలోచించకుండా వెళ్లండి.

మిగిలింది హిస్టరీ. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ (ఎస్కేయూ), కడప యోగి వేమన యూనివర్సిటీల్లాంటి చోట్ల గైడ్‌లు సీమ చరిత్రకు అలవాటుపడ్డవాళ్లు. ఆర్కైవ్స్‌కు ఉత్తరం ఎలా రాయాలో, ఫైలు నంబరు ఎలా పట్టుకోవాలో వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. పరిశ్రమ, ఊరు, శ్రమ కలిపి చూసే పనికి ఇదే సరైన ఇల్లు. బలహీనత ఏమిటంటే లెక్క. పద్దులు, షేర్లు, తరుగుదల అంటే భయపడే అలవాటు హిస్టరీ విద్యార్థులకుంది. కామర్స్‌లో ఒక కో-గైడ్‌ను పెట్టుకునే వీలుందేమో చూడండి, లేదా బీకాం మొదటి సంవత్సరం అకౌంటింగ్ పుస్తకం ఒకటి కొనుక్కుని శ్రద్ధగా చేయండి.

ఉద్యోగం సంగతి సూటిగా చెప్తాను. లెక్చరర్ పోస్టుల్లో బిజినెస్ హిస్టరీ అని ఎవరూ నోటిఫికేషన్ ఇవ్వరు. యూజీసీ నెట్ పరీక్షలోనూ ఆ పేరుతో పేపర్ లేదు. మీ పీజీ దేనిలో ఉంటే పోస్టు కూడా దానిలోనే వెతుక్కోవాలి. అందుకని పీజీ సబ్జెక్టు దాటి వేరే డిపార్ట్‌మెంట్‌కు దూకడం నేను సలహా ఇవ్వను. ఉన్నచోటే ఉండి, పక్క సబ్జెక్టు నేర్చుకోండి. ఆ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తుంది. చెన్నైలో ఉండి చదువుకోవాలంటే ఆ డబ్బు ఎంత తేడా చేస్తుందో చెప్పక్కర్లేదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మాత్రమే గైడ్‌గా ఉండగలరు. మీరు అనుకున్న గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో ముందే కనుక్కోండి.

టాపిక్ ఎంచుకునేటప్పుడు

ఇప్పుడే మొదలుపెట్టమంటే నేను పత్తి వైపు తోస్తాను. అమెరికా అంతర్యుద్ధం జరిగిన 1861-65లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లులకు పత్తి కరువై మన దత్తమండలాల దాకా ధర ఎగబాకింది. 1871కి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు కలిసింది. 'వెస్టర్న్స్', 'నార్తర్న్స్' అన్న పేర్లతో బళ్లారి, అనంతపురం, నంద్యాల ప్రాంతాల పత్తి లివర్‌పూల్ దాకా తెలిసింది. ఆ తర్వాత జిన్నింగ్, ప్రెస్సింగ్ యంత్రాలొచ్చాయి. దీనికి ప్రభుత్వ రికార్డూ ఉంది, విచారణ కమిటీల సాక్ష్యాలూ ఉన్నాయి, మిల్లుల్లో పనిచేసిన ముసలివాళ్లూ ఉన్నారు. ఇన్ని రకాల ఆధారం ఒకచోట దొరికే విషయం సీమలో మరొకటి చెప్పలేను.

చేనేతకు ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సంఘం కాబట్టి మినిట్స్ పుస్తకాలు, సహకార శాఖ ఆడిట్లు ఉండే అవకాశం ప్రైవేటు సంస్థ కంటే ఎక్కువ. బిజినెస్ హిస్టరీ అడిగే యాజమాన్య ప్రశ్న, కార్మిక చరిత్ర అడిగే నేతగాడి ప్రశ్న రెండూ ఇక్కడ కలుస్తాయి. సోమప్పగారి జీవితచరిత్రగా మారిపోకుండా చూసుకోవాలి, అంతే. పడుగు చేసిన ఆడవాళ్లకు సంఘం లెక్కల్లో పేరుందా అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టినా థీసిస్ దారిలో పడుతుంది.

కడప నీలిమందు మరో మంచి టాపిక్. ఒకప్పుడు పేరున్న ఎగుమతి. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని మార్కెట్‌లోకి తెచ్చాక పడిపోయింది. మనుషుల జ్ఞాపకం దాటిపోయిన కాలం కాబట్టి పూర్తిగా ఆర్కైవ్స్ పనే. ఇంగ్లీషు చేతిరాత చదివే ఓపిక ఉన్నవాళ్లకు, ఎకనామిక్స్‌వాళ్లకు నప్పుతుంది.

నాపరాయి, ముగ్గురాయికి పాత రికార్డు తక్కువ, బతికున్న మనుషులు ఎక్కువ. లీజు ఫైళ్లు, క్వారీ కార్మికుల మాటలు, దుమ్ముతో పాడైన ఊపిరితిత్తుల కథ, చమురు బావుల డ్రిల్లింగ్ కోసం మంగంపేట రాయి విదేశాలకు వెళ్లిన వైనం. ఇది కార్మిక చరిత్ర దారి. లీజుల చుట్టూ రాజకీయం ఉంటుంది కనుక గైడ్ అండ గట్టిగా ఉండాలి. పెనుకొండ దగ్గర కియా మీద చేస్తామని చాలామంది అంటున్నారు. 2019లో ఉత్పత్తి మొదలైన ఫ్యాక్టరీకి చరిత్రకారుడు తొందరపడక్కర్లేదు. భూసేకరణకు ముందు ఆ ఊళ్లు ఎలా ఉండేవో ఇప్పుడే ఇంటర్వ్యూలు రికార్డు చేసిపెట్టడం మాత్రం గొప్ప సాయం.

దరఖాస్తు పెట్టేముందు ఇవి చేయండి. మన యూనివర్సిటీల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉండే శోధ్‌గంగలో మీ టాపిక్ కొట్టి, ఇప్పటికే వచ్చిన థీసిస్‌లలో ఆధారాల భాగం చదవండి. ఆ పరిశ్రమలో పనిచేసిన డెబ్బై దాటినవాళ్లను, అంటే ఫిట్టర్, గుమాస్తా, హమాలీ, పడుగుచేసే అవ్వ, ఇలాంటివాళ్లను ముందు కలిసి ఫోన్‌లో మాటలు రికార్డు చేసుకోండి. ఆర్కైవ్స్ తర్వాత చూసుకోవచ్చు. ఒకసారి చెన్నై వెళ్లి మీ జిల్లా, మీ సరుకు పేరు మీద ఇండెక్సుల్లో ఎన్ని ఎంట్రీలున్నాయో రాసుకురండి. సినాప్సిస్‌లో సమస్య ప్రస్తావన కిందనే, ఏ రికార్డు, ఏ సంవత్సరాలు, ఎక్కడుంది, మీరు చూశారా లేదా అన్నది ఒక పట్టికగా పెట్టండి. ఆ పట్టికలో ప్రభుత్వ రికార్డు ఎక్కువుంటే హిస్టరీ లేదా ఎకనామిక్స్, పద్దు పుస్తకాలు ఎక్కువుంటే కామర్స్ తోడుతో బిజినెస్ హిస్టరీ, మనుషుల మాటలు ఎక్కువుంటే లేబర్ హిస్టరీ. మూడు గళ్లూ ఖాళీగా ఉంటే టాపిక్ మార్చి, మళ్లీ ఇదే పని చేసి, ఆ తర్వాతే గైడ్‌ను కలవండి.